పదిహేనేళ్ల బండి – పొగ పరీక్ష

మన ఇళ్లలో మోటారు బండి షికారు కోసం కొన్నది కాదు. పొద్దున్నే పాల క్యాన్లు మోయడానికి, మార్కెట్టుకు కూరగాయల మూటలు వేసుకెళ్లడానికి, తాపీ పనికో పెయింటింగ్ పనికో పక్క ఊళ్లకు పోవడానికి, అర్ధరాత్రి ఎవరికైనా జ్వరం ముదిరితే ఆసుపత్రికి తీసుకుపోవడానికి అదే దిక్కు. షోరూంలో కొత్తది కొన్న ఇళ్లు తక్కువ. ఎవరో పదేళ్లు వాడి అమ్మితే మన నాన్నలు, అన్నలు కొన్నవే ఎక్కువ. అందువల్ల బండి మన చేతికి వచ్చిన నాలుగైదేళ్లకే దానికి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు మొదలవుతుంది భయం. "తుక్కు కింద తీసుకుపోతారట", "పోలీసులు పట్టుకుంటే తిరిగివ్వరట", "పొల్యూషన్‌లో ఫెయిల్ చేస్తారట" అని తలా ఒక మాట అంటారు. ఆ భయాన్ని చూసే ఏజెంటు రేటు చెబుతాడు. వారం రోజుల కూలి అక్కడికి పోతుంది.

మా ఇంట్లో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. అందుకని వాడలో ఎవరికి ఏ కాగితం వచ్చినా "చదివి చెప్పు నాయనా" అంటూ మా దగ్గరకే వస్తారు. అలా వచ్చినవాటిలో బండి కాగితాలే ఎక్కువ. వాటి కోసం చట్టం చదివాం, రవాణా శాఖ ఆఫీసు మెట్లెక్కాం, మెకానిక్ షెడ్డుల్లో గంటల తరబడి కూర్చున్నాం. తెలుసుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒక్కటే. పొగ పరీక్ష లాటరీ కాదు. ఇంజను బాగుంటే బండి పాసవుతుంది. బాగులేకపోతే జబ్బు ఎక్కడుందో వెతకడానికి ఆ పరీక్షే దారి చూపిస్తుంది. ఈ సంగతి తెలిసినవాడికి ఏజెంటుతో పనిలేదు. అదెలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంతానికి వాడుకునే బండికి ఇచ్చిన రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ గడువు తీరాక బండి పరిస్థితి బాగుంటే మరో 5 సంవత్సరాలకు పునరుద్ధరిస్తారు. ఆ అయిదేళ్లూ అయ్యాక మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి పదిహేనేళ్లు నిండగానే బండికి కాలం చెల్లినట్టు కాదు.

మరి "పదిహేనేళ్లు దాటితే తుక్కే" అన్న మాట ఎక్కడిది? ఇది ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి గాలి బాగా చెడిపోయిన కారణంగా 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లను, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లను రోడ్డెక్కనివ్వవద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలిచ్చింది. 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని అమలు చేయమంది. అవి ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ప్రాంతానికి ఇచ్చిన ఆదేశాలు. ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ వర్తించేవి కావు. అలాగే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటితే పునరుద్ధరణ లేదన్నారు. అది ప్రభుత్వ శాఖల బండ్ల సంగతి. ఈ రెండూ కలిసి, ఊరికి చేరేసరికి, నాన్న బండి పోతుందన్న పుకారుగా మారాయి.

అయితే గడువు తీరిన కాగితంతో తిరగడం మాత్రం తప్పే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. పొగ పరిమితి దాటిన బండిని నడిపితే 190వ సెక్షన్ వర్తిస్తుంది. 2019లో చట్టాన్ని సవరించాక ఇందులో జరిమానా 10,000 రూపాయల దాకా పెరిగింది. మూడు నెలల వరకు జైలుకూ, లైసెన్సు మూడు నెలలు ఆపడానికీ వీలుంది. రోజుకు అయిదారు వందలు సంపాదించే మనిషికి ఈ అంకెలంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఆటో నడిపేవారి పిల్లలకు ఒక మాట. ఆటో, ట్రాలీ వంటివి కిరాయి బండ్లు. వాటి లెక్క పదిహేనేళ్ల లెక్క కాదు. వాటికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పొగ పరీక్ష మాత్రం అన్నిటికీ ఉంది.

పొగలో ఏముంటుంది?

మేము ఎమ్మెస్సీలో రసాయన శాస్త్రం చదువుతున్నాం కాబట్టి ఈ భాగం కొంచెం వివరంగా చెబుతాం. పదో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా అర్థమవుతుంది.

పెట్రోలు అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాల మిశ్రమం. అది పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి మిగలాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొయ్యిలో గాలి ఆడకపోతే కట్టె ఎలా పొగలు కక్కుతుందో, ఇంజనులో గాలి తగ్గినా అంతే. కార్బన్ సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కొంత పెట్రోలు అసలు కాలకుండా హైడ్రోకార్బన్ల రూపంలో సైలెన్సర్ గుండా బయటికి పోతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే ఇది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఆ మేరకు శరీరానికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. తలనొప్పి, నీరసం, కళ్లు తిరగడం దీని గుర్తులు. మూసిన గదిలో బండి స్టార్టు చేసి ఉంచితే ప్రాణమే పోవచ్చు. కాలని హైడ్రోకార్బన్లలో బెంజీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఉంటాయి. డీజిల్ బండి నల్ల పొగలో కనిపించేది మసి. అందులో ఊపిరితిత్తుల లోపలి దాకా పోయేంత సన్నని రేణువులు ఉంటాయి. ఒకప్పుడు పెట్రోలులో సీసం కూడా కలిసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నందువల్ల ఆ ఒక్క పీడ విరగడైంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. సైలెన్సర్ నుంచి పోయే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలే. సగం కాలినది కొంత, అసలు కాలనిది కొంత. "మైలేజీ ఇవ్వడం లేదు" అని నాన్న విసుక్కునే బండి, పొగ పరీక్షలో తప్పే బండి చాలాసార్లు ఒకటే. రెండింటికీ మందు కూడా చాలావరకు ఒకటే.

యంత్రం ఎలా కొలుస్తుంది?

పెట్రోలు బంకు పక్కన నిలిపిన పొల్యూషన్ వ్యాను మనం రోజూ చూసేదే. లోపల ఒక పెట్టె, దానికి ఒక కంప్యూటరు, ఒక పొడుగాటి గొట్టం. ఆ గొట్టం కొసను సైలెన్సర్‌లోకి దూర్చి పొగను లోపలికి లాగుతారు. ఆ పెట్టెలో ఏదో మాయ ఉందని, మీట అటు నొక్కితే పాసు, ఇటు నొక్కితే ఫెయిలు అని మన వాడలో చాలామంది నమ్మకం.

నిజానికి అందులో ఉన్నది మేము ల్యాబులో చదివే సూత్రమే. చాలా వాయువులు పరారుణ కిరణాల్లో తమకు సరిపడే తరంగదైర్ఘ్యాలను మాత్రమే పీల్చుకుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ సుమారు 4.7 మైక్రోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది. పెట్టెలో ఒక చివర పరారుణ దీపం, రెండో చివర దాన్ని కొలిచే సాధనం, మధ్యలో పొగ ఉంటాయి. అవతలికి చేరిన కిరణం ఎంత తగ్గితే పొగలో ఆ వాయువు అంత ఎక్కువ ఉన్నట్టు. కార్బన్ మోనాక్సైడ్‌ను శాతంలోనూ, హైడ్రోకార్బన్లను పి.పి.ఎం. లోనూ, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో, చూపిస్తుంది. డీజిల్ బండికి వేరే పద్ధతి ఉంది. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా నొక్కి, వచ్చిన పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో చూస్తారు. దాన్ని హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో చెబుతారు.

పరీక్ష అయ్యాక నంబరు ప్లేటు కనిపించేలా బండి ఫొటో తీసి, రీడింగుతో సహా సర్టిఫికెట్ ఇస్తారు. పాత బండ్లకు అది 6 నెలలు చెల్లుతుంది. భారత్ స్టేజ్-4, ఆ తర్వాతి ప్రమాణాలతో తయారైన బండ్లకు ఒక సంవత్సరం. కొత్త బండికి మొదటి ఏడాది ఈ పరీక్ష అవసరం లేదు.

ఎంత ఉంటే పాసు?

2004 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితులు ఇవి. ఇప్పుడు పదిహేనేళ్లు దాటుతున్న బండ్లన్నీ దాదాపు వీటి కిందికే వస్తాయి.

1. 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు: కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పి.పి.ఎం.

2. ఆ తర్వాత తయారైన టూ స్ట్రోక్ ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు: 3.5 శాతం, 6,000 పి.పి.ఎం.

3. ఆ తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు: 3.5 శాతం, 4,500 పి.పి.ఎం.

4. భారత్ స్టేజ్-2 కంటే ముందు నాటి పెట్రోలు కార్లు: 3 శాతం, 1,500 పి.పి.ఎం. స్టేజ్-2, స్టేజ్-3 కార్లు: 0.5 శాతం, 750 పి.పి.ఎం.

5. స్టేజ్-4 కంటే ముందు నాటి డీజిల్ వాహనాలు: పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు.

ఈ పట్టికను జాగ్రత్తగా చూడండి. 2009లో తయారైన ఫోర్ స్ట్రోక్ మోటార్ సైకిల్‌కు 3.5 శాతం వరకు అనుమతి ఉంది. అంటే నూరు లీటర్ల పొగలో మూడున్నర లీటర్ల కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా చట్టం ఒప్పుకుంటోంది. ఇది కఠినమైన పరీక్ష కానే కాదు. సరిగ్గా ట్యూనింగ్ చేసిన పాత బండి ఈ గీతకు చాలా దిగువనే ఉంటుంది. పాత బండి పాతదని తెలిసే దానికి తగిన హద్దు పెట్టారు. ఆ హద్దు కూడా దాటిందంటే బండిలో ఏదో బాగుచేయాల్సింది ఉందనే అర్థం.

పరీక్షకు ముందు ఏం చేయాలి?

మెకానిక్ అన్నల దగ్గర కూర్చుని నేర్చుకున్న పనులివి. వీటిలో కొన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఎయిర్ ఫిల్టరు: మొదట చూడాల్సింది ఇదే. మన ఊళ్ల దుమ్ముకు ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. గాలి అందక పెట్రోలు పాలు పెరిగి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువవుతుంది. స్పాంజి రకమైతే కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి బిగించవచ్చు. కాగితం రకమైతే మార్చాలి.

స్పార్కు ప్లగ్గు: ప్లగ్గు విప్పి దాని కొస రంగు చూస్తే ఇంజను సంగతి తెలిసిపోతుంది. లేత ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతున్నట్టు. నూనె జిడ్డుతో తడిగా ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తున్నట్టు.

చోకు: చలికాలంలో లాగిన చోకు అలాగే వదిలేయడం మామూలే. చోకు లాగి ఉంటే ఎంత మంచి బండి అయినా తప్పుతుంది. తీగ పట్టేసి పూర్తిగా వెనక్కి పోకపోయినా అంతే. వ్యాను దగ్గరకు వెళ్లే ముందే చూసుకోవాలి.

కార్బొరేటర్: ఏళ్ల తరబడి శుభ్రం చేయని కార్బొరేటర్‌లో జిగురు పేరుకుంటుంది. శుభ్రం చేయించి, ఐడిల్ స్క్రూ, గాలి స్క్రూ సరిచేయించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. పరీక్ష కోసమని పెట్రోలు మరీ తగ్గించి, పాసయ్యాక మళ్లీ పెంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మరీ తగ్గిస్తే ఇంజను వేడెక్కి పాడవుతుంది, మళ్లీ పెంచితే పొగ మామూలే. సరైన చోట ఒక్కసారి సరిచేసి అలా వదిలేయడమే మంచిది.

సైలెన్సర్: చిల్లులుంటే అతికించాలి. చిల్లుల్లోంచి బయటి గాలి కలిస్తే రీడింగు సరిగా రాదు. రేపు ఇన్‌స్పెక్టరు దగ్గర కూడా బండి నిలవదు.

వేడి ఇంజను: చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా కాలదు. పరీక్షకు ముందు ఒక పదిహేను నిమిషాలు బండి నడిపి, ఇంజను వేడిగా ఉండగానే పరీక్ష చేయించాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

టూ స్ట్రోక్ బండ్లు: పాత స్కూటర్లు, మోపెడ్లలో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. కంపెనీ పుస్తకం చెప్పిన కొలతే పోయాలి. "ఇంకొంచెం పోస్తే ఇంజను చల్లగా ఉంటుంది" అని దోసిటితో పోస్తే మిగిలేది నీలం పొగే. మామూలు ఇంజను ఆయిల్ కాకుండా టూ-టి ఆయిలే వాడాలి. పెట్రోలులో కిరోసిన్ కలపడం వల్ల మిగిలేది తక్కువ, ఇంజనుకు పట్టే మసి ఎక్కువ.

ఇవన్నీ చేసినా ఫోర్ స్ట్రోక్ బండి నీలం పొగ వదులుతుంటే పిస్టన్ రింగులో, సిలిండరు బోరో, వాల్వు సీళ్లో అరిగిపోయినట్టు. అది పెద్ద రిపేరు. అప్పుడు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. బోరు చేయించడానికి అయ్యే ఖర్చు, బండి విలువ, ఇంకెన్నేళ్లు నడుస్తుందన్న అంచనా పక్కపక్కన పెట్టి చూడాలి. వదిలేయడమే లాభమైతే తెలిసిన పాత సామాన్లవాడికి కాకుండా అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. లేకపోతే మన నంబరుతో ఎవరు ఏం చేసినా నోటీసు మన ఇంటికే వస్తుంది.

ఫెయిల్ అయినా కంగారు పడనక్కరలేదు. రీడింగు అడిగి రాసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ఉంటే ఫిల్టరు, చోకు, కార్బొరేటర్ వైపు చూడాలి. హైడ్రోకార్బన్లు ఎక్కువ ఉంటే ప్లగ్గు, ఆయిల్, రింగుల వైపు చూడాలి. మెకానిక్ దగ్గరకు ఊరికే "బాగు చెయ్యన్నా" అంటూ పోవడం వేరు, రీడింగు చీటీతో పోవడం వేరు. చీటీ చూపిస్తే అక్కరలేని పనులు చేయించుకునే బాధ తప్పుతుంది.

కాగితాల వరుస

పొగ పరీక్ష పాసవడం ఒక మెట్టు మాత్రమే. మిగిలిన మెట్లు ఇవి.

దరఖాస్తు ఫారం 25లో చేయాలి. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఆలస్యమైతే మోటార్ సైకిల్‌కు నెలకు 300 రూపాయలు, కార్ల వంటివాటికి నెలకు 500 రూపాయలు అదనంగా పడుతుంది. ద్విచక్ర వాహనానికి పునరుద్ధరణ ఫీజు ఒకప్పుడు 300 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 అయింది. కారుకు 600 నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో మళ్లీ సవరించి, 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు 2,000, కార్లకు 10,000 చేశారు. ఇది కాక రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే గ్రీన్ ట్యాక్సు ఉంటుంది. పాత చలానాలుంటే ముందే కట్టేయాలి.

వెంట ఉండవలసినవి: సి బుక్కు, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, గుర్తింపు, చిరునామా కాగితాలు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి రుద్దిన పెన్సిల్ ప్రింటు. రవాణా శాఖ వెబ్‌సైటులో ఫీజు కట్టి, స్లాటు తీసుకుని, ఆ రోజు బండితో సహా హాజరు కావాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, మన ఊళ్లలో అనే బ్రేకు ఇన్‌స్పెక్టరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రంగు సి బుక్కుతో సరిపోయాయో లేదో చూస్తారు. బ్రేకులు, లైట్లు, ఇండికేటర్లు, హారను, టైర్లు, నంబరు ప్లేటు చూస్తారు. కాబట్టి ముందు రోజు రాత్రే బల్బులన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోండి. పది రూపాయల బల్బు కోసం మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకోవడం ఎందుకు?

మన ఇళ్లలో అసలు చిక్కు వచ్చేది పేరు దగ్గర. బండి మనది, సి బుక్కు మాత్రం ఎప్పుడో అమ్మినవాళ్ల పేరు మీదనే ఉంటుంది. కొన్న 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. దానికి ఫారం 29, ఫారం 30 కావాలి, అమ్మినవారి సంతకం కావాలి. పదేళ్ల తర్వాత ఆ మనిషిని వెతకడం ఎంత కష్టమో చెప్పనలవి కాదు. బండి యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31లో దరఖాస్తు చేయాలి. ఫైనాన్సులో కొన్న బండికి అప్పు తీరిపోయినా సి బుక్కు మీద ఫైనాన్సు వాళ్ల పేరు అలాగే ఉండిపోతుంది. కిస్తీలన్నీ అయిన రోజే వారి దగ్గర నో అబ్జెక్షన్ లెటరు, సంతకం చేసిన ఫారం 35 తీసుకోవాలి. ఈ మూడు చిక్కుల్లో ఏది ఉన్నా పునరుద్ధరణ కంటే ముందు దాన్ని తేల్చుకోవాలి. ఏజెంట్లకు మన వాళ్లు కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడే పోతోంది.

కొనుక్కున్న సర్టిఫికెట్

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఒక ఊళ్లో ఒక వ్యాను దగ్గర మాకు ఎదురైన సంగతి ఇది. బండిని దగ్గరకు తేనక్కరలేదు, నంబరు చెప్పి వంద ఎక్కువిస్తే చాలన్నారు. మా ముందున్న ఇద్దరు అలాగే తీసుకుపోయారు. గొట్టం వ్యాను గోడకు వేలాడుతూనే ఉంది. మేము బండి తెచ్చామనీ, గొట్టం పెట్టి చూడమనీ పట్టుబడితే వింతగా చూసి, చివరికి పెట్టారు. బండి మామూలు ఫీజుతోనే పాసయ్యింది.

"చిన్న బండే కదా, దీని పొగతో లోకం మునిగిపోతుందా?" అని మన వాళ్లే అంటారు. ఫ్యాక్టరీలను, ఏసీ కార్లను వదిలేసి మోపెడ్‌వాడి మీద పడతారేమని కూడా అడుగుతారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఫీజు మూడు వందల నుంచి వెయ్యికి పెంచినప్పుడు ఎవరి జేబులో ఎంత ఉందో ఎవరూ చూడలేదు. కానీ పొగ విషయంలో మనం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ పొగ ఎవరు పీలుస్తున్నారు? అద్దాలు ఎత్తుకుని కారులో పోయేవాళ్లు తక్కువ పీలుస్తారు. కూడలిలో బండి మీద అరటిపళ్లు అమ్మేవాళ్లు, రోజుకు పది గంటలు ఆటోలో కూర్చునేవాళ్లు, తెల్లవారుజామున మున్సిపాలిటీ రోడ్లు ఊడ్చే మన తల్లులు, మెయిన్ రోడ్డు పక్క గుడిసెల్లో పడుకునే పిల్లలు ఎక్కువ పీలుస్తారు. వంద రూపాయలకు కొన్న అబద్ధపు కాగితం మోసం చేసేది ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే కాదు, వీళ్లను కూడా.

పరీక్ష నిజంగా జరగడంలో మనకు ఇంకో మేలు ఉంది. ఆఫీసుల్లో మన పేరు, మన ఊరు, మన మాట తీరు చూసి మర్యాద మారిపోవడం మనకు కొత్త కాదు. గొట్టం అవతల ఉన్న యంత్రానికి మాత్రం బండి ఎవరిదో తెలియదు. దానికి తెలిసింది పొగ ఒక్కటే. మూడున్నర శాతం అంటే కలెక్టరు గారి అబ్బాయి బండికీ మూడున్నరే, పాలేరు కొడుకు బండికీ మూడున్నరే. అలాంటి కొలత మనకు దొరకడమే అరుదు. దాన్ని మనమే డబ్బిచ్చి పక్కకు నెట్టుకోవడం తెలివైన పని కాదు.

లెక్కలో చూసినా ఇదే తేలుతుంది. ద్విచక్ర వాహనానికి మొదటిసారి పునరుద్ధరణ ఫీజు వెయ్యి రూపాయలు అయిదేళ్లకు పంచితే ఏడాదికి రెండు వందలు. ఆ అయిదేళ్లలో పాత బండికి పది పొల్యూషన్ సర్టిఫికెట్లు కావాలి. పదిసార్లూ నిజంగా పరీక్ష చేయిస్తే పదిసార్లూ ఇంజను ఎలా ఉందో తెలుస్తుంది. రెండు వందల రూపాయల ఫిల్టరుతో పోయేది వేల రూపాయల బోరు దాకా రాకుండా ఆగుతుంది. బండి మీద బతికే ఇంటికి ఇది చిన్న లాభం కాదు.

మిత్రులారా! మన హాస్టల్‌లో చదువుకునేవారిలో ఎక్కువమంది ఇళ్లలో ఫారం చదివి నింపగలిగింది మనమే. నాన్నకు బండి నడపడం వచ్చు, రిపేరు చేయడమూ వచ్చు. కాగితం దగ్గరకు వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది. ఆ నిలబడటాన్ని తప్పించగలిగితే మన చదువు ఇంటికి పనికొచ్చినట్టే. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు సి బుక్కు తీసి నాలుగు సంగతులు నోటు పుస్తకంలో రాసిపెట్టండి: బండి ఎవరి పేరు మీద ఉంది, రిజిస్ట్రేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఫైనాన్సు పేరు తీసేశారా లేదా, ఇన్సూరెన్సు, పొల్యూషన్ ఎప్పటివరకు ఉన్నాయి. గడువు దగ్గర పడితే ఎయిర్ ఫిల్టరు విప్పి శుభ్రం చేయండి, ప్లగ్గు రంగు చూడండి, బండిని వేడెక్కించి వ్యాను దగ్గరకు నాన్నతో కలిసి వెళ్లండి. రీడింగు వచ్చాక అందులో ఏ అంకెకు ఏమిటి అర్థమో ఆయనకు చెప్పండి. తర్వాత పక్కింటి బాబాయి బండి సంగతి కూడా అడగండి.